చేను కనిపిస్తుంది, చేసేవాళ్లు కనిపించరు: ఉపగ్రహ సేద్యం చదువులో మన వాటా ఎంత?

ముందు ఒక చిన్న లెక్క. ఐరోపా అంతరిక్ష సంస్థ నడిపే సెంటినెల్-2 ఉపగ్రహాలు మన పొలాలను చూసేటప్పుడు వాటికి ఆనే అతి చిన్న ముక్క పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్నే పిక్సెల్ అంటాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరం చేనులో నలభై పిక్సెళ్లు పడతాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఎస్సీ రైతుల సగటు కమతం 0.78 హెక్టార్లు, అంటే రెండెకరాలకు కాస్త తక్కువ. ఉపగ్రహం లెక్కలో 78 పిక్సెళ్లు. అదీ ఒకే చోట ఉంటే.

ఒకే చోట ఉండదని మనకు తెలుసు. చెరువు కింద అర ఎకరం, గుట్ట పక్కన ఎకరం చెలక, అన్నదమ్ముల పంపకంలో వచ్చిన ఇంకో తుంట. అర ఎకరం మడి చదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 45 మీటర్లు. అంచు పిక్సెళ్లలో సగం మన వరి, సగం పక్కవాళ్ల పత్తి, మధ్యలో గట్టు, గట్టు మీద తుమ్మచెట్టు నీడ కలిసిపోతాయి. ఇవన్నీ తీసేస్తే అచ్చంగా మన పంట మాత్రమే ఉన్న పిక్సెళ్లు పదో పదిహేనో మిగులుతాయి. అదే గట్టు వెంబడి ఇరవై ఎకరాలున్న పెద్దరైతుకు ఎనిమిది వందల పిక్సెళ్లు. ఆయన పంట గురించి కంప్యూటర్ చెప్పే మాట ఎక్కువ సార్లు నిజమవుతుంది, మన పంట గురించి చెప్పేది తరచూ తప్పుతుంది. ఎవరో కక్ష కట్టి చేసింది కాదిది. భూమి పంపకంలో ఉన్న అన్యాయం గణితంలోకి దిగితే ఇలాగే ఉంటుంది.

1988లో మన దేశపు మొదటి ఆపరేషనల్ రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ పైకి వెళ్లినప్పుడు దాని ఒక కెమెరాలో ఒక్క పిక్సెల్ ఎకరం కంటే పెద్దది. అప్పట్లో సన్నకారు రైతు చేను మొత్తం ఒకటో రెండో చుక్కలు. ఇప్పుడు నలభై అయ్యాయి. కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో ఉంది.

ఎందుకు మాట్లాడుకోవాలంటే, పంట బీమా, పంట నమోదు, సాగు సలహాలు, చివరికి కార్బన్ క్రెడిట్ల డబ్బు కూడా మెల్లగా ఈ చిత్రాల మీద ఆధారపడుతున్నాయి. సుస్థిర వ్యవసాయం కోసం యువతకు ఉపగ్రహ, సెన్సర్, డ్రోన్ పరిజ్ఞానంలో శిక్షణ అంటూ విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు వరసగా కోర్సులు పెడుతున్నాయి. పరిశోధనలో భాగంగా అలాంటి తరగతుల్లో నేనూ కూర్చున్నాను. వాటిలో నేర్పేది ఏమిటో, నేర్పకుండా వదిలేసేది ఏమిటో మన విద్యార్థులకు తెలియాలి.

ఆకు ఏం చెబుతుంది

మొదటి రోజు పాఠం దాదాపు అన్నిచోట్లా ఒకటే. పచ్చని ఆకు ఎర్రటి కాంతిని మింగేస్తుంది, పత్రహరితానికి అది కావాలి కనుక. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం తిప్పికొడుతుంది. ఉపగ్రహం రెండింటినీ కొలుస్తుంది. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాని పేరు ఎన్‌డీవీఐ. పంట ఏపుగా ఉంటే అంకె పెరిగి ఒకటి వైపు వెళ్తుంది, ఎండితే, పురుగు తింటే పడిపోతుంది. ఐదు రోజులకోసారి ఈ అంకె తీసి గీత గీస్తే నాటు నుంచి కోత దాకా పంట బతుకంతా ఆ గీతలో కనిపిస్తుంది.

అందులో రెండు మెలికలున్నాయి. పచ్చగా ఉన్నదల్లా పంట కాదు, గరిక కూడా పచ్చగానే ఉంటుంది. రెండోది, వానాకాలంలో మబ్బు పడితే ఈ కెమెరాకు ఏమీ కనిపించదు. మన సాగులో ముఖ్యమైన కాలం అదే. దానికి రాడార్ ఉపగ్రహాలు వాడతారు. రాడార్ తన సంకేతాన్ని తానే పంపి తిరిగొచ్చేదాన్ని వింటుంది, మబ్బు దానికి అడ్డం కాదు. నాట్ల వేళ మడిలో నీళ్లు నిలిచి ఉంటే సంకేతం అద్దం మీద పడ్డట్టు పక్కకు జారిపోతుంది, చిత్రంలో మడి నల్లగా కనిపిస్తుంది. పైరు లేచేకొద్దీ తెల్లబడుతుంది. ఆ నలుపు తెలుపుగా మారే తీరును బట్టి వరిని గుర్తుపడతారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ కూడా రాడార్ ఉపగ్రహమే. ఇస్రో, నాసా కలిసి కట్టాయి.

ఇక్కడిదాకా భౌతికశాస్త్రం. దీనికి కులం లేదు. కులం లోపలికొచ్చేది తర్వాతి మెట్టులో.

గ్రౌండ్ ట్రూత్ ఎవరి చేనులో?

కంప్యూటర్‌కు వరి అంటే ఏమిటో, పత్తి అంటే ఏమిటో పుట్టుకతో తెలియదు. ఎవరో ఒకరు చేనుకు వెళ్లి, ఫోన్‌లో జీపీఎస్ గుర్తు పెట్టి, ఇక్కడ కంది ఉంది, అక్కడ మిరప ఉంది అని రాసి తేవాలి. దీన్ని గ్రౌండ్ ట్రూత్ అంటారు. అలాంటి కొన్ని వందల గుర్తులు చూపిస్తే ఆ పోలికతో మిగతా జిల్లా అంతటినీ కంప్యూటర్ రంగులేసి చూపిస్తుంది. అంటే మొత్తం పటం నిలబడేది ఎవరో నడిచి తెచ్చిన ఆ కొన్ని వందల గుర్తుల మీద.

నేను వెళ్లిన ఒక శిక్షణలో మమ్మల్ని ఊరికి తీసుకెళ్లారు. బస్సు తారురోడ్డు పక్కన ఆగింది. రోడ్డుకు రెండు వైపులా కాలువ కింద పొలాలు. గంటన్నరలో తలా ఇరవై గుర్తులు పెట్టుకుని తిరిగొచ్చాం. మాదిగవాళ్ల భూములు ఎటువైపని అడిగితే గుట్ట అవతల అన్నారు, బండి పోదన్నారు. ఆ రోజు ముప్పై మంది తెచ్చిన గుర్తుల్లో గుట్ట అవతలిది ఒక్కటి కూడా లేదు. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు. భోజనాల వేళయింది, అంతే. కానీ ఆ గుర్తులతో నేర్చుకున్న కంప్యూటర్‌కు కాలువ కింది వరి బాగా తెలుసు, గుట్ట వెనక చెలకలో వర్షాధారపు పంట తెలియదు. తెలియనిదాన్ని అది బీడు అని రాస్తుంది. ఆ తర్వాత ఎవరో ఆఫీసులో కూర్చుని ఈ ఊళ్లో ఇంత బీడు ఉంది అని నివేదిక రాస్తారు.

మన పంటల తీరు కూడా ఈ పటానికి సరిపోదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలే. వాళ్లు ఎకరం చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు, పెసలు, నువ్వులు కలిపి వేస్తారు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికొస్తుంది. నేల సారం నిలుస్తుంది, బయటి ఎరువు పెద్దగా అక్కర్లేదు. సుస్థిర వ్యవసాయం అన్న పేరు పుట్టకముందు నుంచీ ఉన్న సేద్యం ఇది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఈ సంస్థకు వచ్చింది. కానీ పిక్సెల్‌కు ఒకే పేరు పెట్టాలన్న పద్ధతిలో ఈ చేనుకు గడి లేదు. బలవంతంగా కంది అంటారు, లేకపోతే ఇతరములు అంటారు. సుస్థిర సేద్యం కోసం నేర్పుతున్న పరిజ్ఞానం అన్నిటికంటే సుస్థిరమైన చేనును 'ఇతరములు' గడిలో పడేస్తోంది!

దీన్ని సరిచేయడం అసాధ్యం ఏమీ కాదు. కలిపి పంట అని విడిగా ఒక పేరు పెట్టి, సరిపడా చేలకు నడిచి, నాటిన నెల, కోసిన నెల రాసి తెస్తే ఆ గీతల తేడాను కంప్యూటర్ చాలావరకు పట్టుకుంటుంది. దానికి ఆ చేలు ఎక్కడున్నాయో, ఏ పంట ఏ సాలులో ఉందో తెలిసిన మనిషి కావాలి. మన వాడల్లో పుట్టి పెరిగిన పిల్లలకు కోర్సుల్లో ఎవరూ నేర్పలేని అర్హత ఇదే. అయినా ఈ పనిని శిక్షణల్లో కూలి పనిలా చూస్తారు. కోడ్ రాసేవాళ్లు శాస్త్రవేత్తలు, గుర్తులు తెచ్చేవాళ్లు 'ఫీల్డ్ బాయ్స్'. ఈ విభజన మనకు కొత్తది కాదు కదా.

బీమా డబ్బు దగ్గర

ఇది ఉత్త విద్యా చర్చ కాదని చూపడానికి బీమా చాలు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 వానాకాలం నుంచి యెస్-టెక్ అనే పద్ధతి తెచ్చారు. మొదట వరి, గోధుమ పంటల దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం బరువు ఉపగ్రహం, ఇతర సాంకేతికతతో వేసిన లెక్కకు ఇవ్వాలి, మిగతాది పంటకోత ప్రయోగాలకు. ఆంధ్రప్రదేశ్ 2022లో ఈ పథకంలోకి తిరిగి చేరింది, తెలంగాణ 2020లోనే బయటికి వెళ్లింది.

పంటకోత ప్రయోగం అంటే సాధారణంగా వరిలో ఐదు మీటర్లకు ఐదు మీటర్ల ముక్క కోసి తూకం వేయడం. ప్రధాన పంటకు గ్రామ పంచాయతీకి కనీసం నాలుగు ప్రయోగాలు. బీమాకు యూనిట్ గ్రామం, రైతు కాదు. అంటే ఊరి సగటు దిగుబడి పడిపోతేనే పరిహారం. కాలువ మొదట్లో ఉన్న పొలాలు పండి, ఆయకట్టు చివర ఉన్న మన మడులు ఎండిపోతే సగటు బాగానే ఉంటుంది. చివరి భూమి రైతుకు పైసా రాదు.

ఈ విషయంలో ఉపగ్రహం నిజంగా మేలు చేయగలదు. మొదటి పొలానికీ చివరి పొలానికీ తేడా దానికి కనిపిస్తుంది. చివరి మడులు వేరుగా ఎండాయని పటంలో చూపించొచ్చు, యూనిట్ చిన్నది చేయమని అడగడానికి అది సాక్ష్యం. కానీ ప్రస్తుతం ఆ సమాచారాన్నంతా మళ్లీ ఊరి సగటులోకే కలిపేస్తున్నారు. కంటికి తేడా కనిపిస్తున్నా లెక్కలో దాన్ని చెరిపేయడం అన్నది సాంకేతిక నిర్ణయం కాదు, విధాన నిర్ణయం. పటం చదవడం వచ్చినవాళ్లే దాన్ని ప్రశ్నించగలరు.

సెన్సర్, పైపు ముక్క, కౌలు

నేలలో పెట్టే తేమ సెన్సర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఎక్కువగా దొరికేవి మట్టి విద్యుత్ గుణాన్ని కొలుస్తాయి. నీటికీ పొడి మట్టికీ ఈ గుణంలో చాలా తేడా ఉంటుంది కాబట్టి తేమ ఎంతో తెలుస్తుంది. నల్లరేగడి ఎండి నెర్రెలిస్తే సెన్సర్ చుట్టూ గాలి చేరి ఉన్న తేమ కంటే తక్కువ చూపిస్తుంది. కంపెనీ పెట్టె మీద అంకెను నమ్మి మోటారు వేస్తే అనవసరంగా నీళ్లు పోతాయి. స్థానిక మట్టిని తూచి, ఆరబెట్టి, మళ్లీ తూచి సరిచూసుకోవడం నేర్పని శిక్షణ శిక్షణే కాదు.

అన్ని సెన్సర్లూ ఖరీదైనవి కావు. వరిలో తడి-పొడి విధానానికి కావలసింది చిల్లులు పెట్టిన పీవీసీ పైపు ముక్క. మడిలో పాతి లోపల నీటి మట్టం చూడాలి. నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగితే మళ్లీ తడి ఇవ్వాలి. నీరు ఆదా అవుతుంది, మడినుంచి లేచే మీథేన్ తగ్గుతుంది. ఆ తగ్గుదలను కార్బన్ క్రెడిట్‌గా అమ్మే వ్యాపారం కూడా వచ్చింది. మడి ఎప్పుడు ఆరిందో రాడార్ ఉపగ్రహంతో సరిచూడొచ్చు.

మరి ఆ డబ్బు ఎవరికి? పైపులోకి తొంగి చూసేది కౌలు రైతు, తడి పెట్టేది కౌలు రైతు. ఒప్పందం పాస్‌బుక్ ఉన్నాయన పేరు మీద జరిగితే డబ్బూ ఆయనకే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సమ్మతి కావాలి. తెలంగాణలో రైతుబంధు మొదలైన నాటినుంచీ కౌలుదారులకు అందలేదు. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. అందులోని రైతు రిజిస్ట్రీ కూడా భూ రికార్డులతోనే ముడిపడి ఉంది. దేశంలో కమతాల్లో ఎస్సీల వాటా సుమారు 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం లోపు. మిగతా మనవాళ్లంతా కౌలుకు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. వాళ్లకు ఈ రిజిస్ట్రీలో స్థానం ఎక్కడన్న ప్రశ్నకు శిక్షణ తరగతుల్లో సమయం ఉండదు. నేను ఒకచోట అడిగితే, 'అది రెవెన్యూ విషయం, మనది టెక్నాలజీ' అన్నారు.

డ్రోన్ గురించి రెండు మనసులు

డ్రోన్ విషయంలో నాకు రెండు మనసులున్నాయని ఒప్పుకోవాలి. పురుగుమందు కొట్టే పని ఎవరిదో మనందరికీ తెలుసు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వీపున ట్యాంకు మోస్తూ విషం పీల్చిన మా ఇళ్ల మగవాళ్లను చూస్తూ పెరిగాను. ఆ ట్యాంకు వీపు మీద నుంచి దిగిపోవడం మంచిదే. కానీ దాంతోపాటు ఆ రోజు కూలీ కూడా దిగిపోతుంది. మనిషి రోజుకు కొట్టే విస్తీర్ణాన్ని డ్రోన్ గంటలోపు ముగిస్తుంది. ఆ డ్రోన్ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు సంగతి.

2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం, కేటాయింపు 1,261 కోట్లు. ఖర్చులో 80 శాతం, ఎనిమిది లక్షలకు మించకుండా సబ్సిడీ, పదిహేను రోజుల శిక్షణ. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్‌కు వయసు 18 నుంచి 65, చదువు పదో తరగతి చాలు. కాగితం మీద మన ఆడవాళ్లకు అడ్డమేమీ లేదు. కానీ మిగతా 20 శాతం అప్పు ఎవరికి పుడుతుంది, ఎంపిక ఎవరి చేతిలో ఉంది, ఎస్సీ మహిళ డ్రోన్ తెస్తే ఊళ్లో పెద్దరైతు పిలుస్తాడా? మండలాల వారీగా ఎంపికైన సంఘాల వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగదగినవి. కార్యకర్తలు అడగాలి.

సాంకేతికత మనవాళ్లకు పట్టుబడదన్న మాటకు జవాబు ఎప్పుడో వచ్చింది. ఆ జహీరాబాద్ మహిళలే 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో నడుపుతున్నారు. వాళ్లలో కొందరు బడి ముఖం చూడకుండానే వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. తేడా ఎక్కడుందంటే, ఏం తీయాలో, ఎవరితో మాట్లాడాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

ఎక్కడ నేర్చుకోవాలి, ఏం అడగాలి

విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ 2007 నుంచి దూరవిద్య పద్ధతిలో రిమోట్ సెన్సింగ్ పాఠాలు చెబుతోంది, ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ ఇస్తారు. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ భువన్, భూనిధి పోర్టళ్లలో పటాలు, చిత్రాలు దొరుకుతాయి. సెంటినెల్ చిత్రాలు ప్రపంచంలో ఎవరికైనా ఉచితం. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. గూగుల్ ఎర్త్ ఇంజిన్ చదువు, పరిశోధన అవసరాలకు ఉచితం. దానితో పెద్ద కంప్యూటర్ లేకుండానే పని నడుస్తుంది. డబ్బు పెట్టి కొనాల్సింది దాదాపు ఏదీ లేదు.

అయినా అడ్డాలున్నాయి. పాఠాలన్నీ ఇంగ్లీషులో. హాస్టల్ గదిలో ఫోన్ తప్ప ల్యాప్‌టాప్ ఉండదు. ప్రైవేటు కోర్సుల ఫీజు నెల మెస్ బిల్లుకు ఎన్నో రెట్లు. ఇక్కడే ఎస్సీ సబ్‌ప్లాన్ మాట తేవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది, తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థలకు కూడా ఎస్సీ సబ్‌ప్లాన్ కింద విడిగా నిధులుంటాయి. నేను చూసినంతలో ఆ డబ్బుతో జరిగేది ఒకరోజు సభ. టార్పాలిన్, స్ప్రేయర్, విత్తనాల సంచి పంచి, ఫ్లెక్సీ ముందు ఫొటో తీస్తారు. స్ప్రేయర్ వద్దని కాదు. అదే నిధితో ఇరవై మంది ఎస్సీ పట్టభద్రులకు తెలుగులో, ల్యాప్‌టాప్‌తో, ఉపకార వేతనంతో ఆరు నెలల కోర్సు ఎందుకు పెట్టరు? పెడితే అందులో సర్వే నంబర్లు, అసైన్డ్ భూముల చట్టం, కౌలు చట్టం పాఠాలుగా ఉండాలి. అవి లేకుండా పటం చదవడం సగం చదువే.

అసైన్డ్ భూముల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పట్టా షరతుల్లో భూమిని సాగు చేయాలన్నది ఒకటి. సాగులో లేదని చెప్పి వెనక్కి తీసుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఏ ఏడు పంట ఉందో పాత ఉపగ్రహ చిత్రాలు చూపిస్తాయి. సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉన్నాయి, అంతకు ముందటి ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. ల్యాండ్‌శాట్ పిక్సెల్ ముప్పై మీటర్లు కాబట్టి ఎకరానికి నాలుగైదే పడతాయి, చిన్న ముక్కకు ఖాయంగా చెప్పలేం. పక్కపక్కన పది మంది అసైనీల భూమి ఉంటే కలిపి చూడొచ్చు. చిత్రంలో కనిపించకపోతే సాగు లేనట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. అటవీ హక్కుల చట్టం విషయంలో 2012లో సవరించిన నిబంధనలు ఈ మాటే చెబుతాయి: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలో రాకూడదు. ఆదివాసీ సంఘాలు పోరాడి రాయించుకున్న ఈ నియమం లాంటిది అసైన్డ్ భూములకూ, పంట బీమాకూ కావాలని అడగొచ్చు.

ఈ కాలంలోనే మొదలుపెట్టాలనుకునే విద్యార్థి బృందానికి ఒక పని చెబుతాను. ఒక ఊరు తీసుకోండి. బస్సు ఆగిన చోట కాకుండా గుట్ట అవతల నుంచి మొదలుపెట్టండి. యాభై చేలకు నడిచి పంట పేరు, కలిపి పంట అయితే అన్ని పేర్లు, విత్తిన వారం, నీటి వసతి రాయండి. ప్రభుత్వ పంట నమోదుతో పోల్చండి, ఎన్ని చేలు తప్పుగా ఉన్నాయో తేలుతుంది. ఒక జాగ్రత్త ఉంది. చేను ఎవరు చేస్తున్నారన్న గడి కూడా పెట్టుకోండి కానీ, ఆ పేర్లను ఏ యాప్‌లోకీ ఎక్కించవద్దు. కౌలు పేరు బయటపడిందని తెలిస్తే మరుసటి ఏడు భూమి ఇవ్వని యజమానులున్నారు. మేము ఆ గడిని కాగితం మీదే రాశాం. ఆ కాగితాలు ఊళ్లోని కౌలు రైతుల దగ్గరే ఉన్నాయి. ఎప్పుడు, ఎవరికి చూపాలో వాళ్లే చెబుతామన్నారు.